అటక మీది సముద్రం

టోలీచౌకీలోనో మల్లేపల్లిలోనో పాత ఇంటి అటక సర్దుతుంటే తాడు కట్టిన అట్టపెట్టె ఒకటి బయటపడుతుంది. ముడి విప్పడం చేతితో అయ్యే పని కాదు, కత్తి తెచ్చుకోవాల్సిందే. పైన మడత పెట్టిన గల్ఫ్ కంబళి, దాని కింద ఖాళీ నిడో పాలపొడి డబ్బా, అన్నిటికంటే అడుగున కాళ్లకు తొడిగే ఒక జత నల్ల రబ్బరు ఫిన్స్, పసుపు తిరిగిన మాస్క్, తడిసి ఎండి ఉబ్బిపోయిన చిన్న పుస్తకం. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, దక్కన్ రాళ్ల మీద 540 మీటర్ల ఎత్తున ఉన్న ఊళ్లో ఇవేమిటని పిల్లలు అడుగుతారు. జెద్దా, మస్కట్, దుబాయ్‌లకు కొలువులకు వెళ్లిన హైదరాబాదీల్లో కొందరు బంగారం, టేప్‌రికార్డర్లతో పాటు తెచ్చుకున్న ఇష్టం ఇది. నీళ్ల కింద తీరిగ్గా ఊపిరి పీల్చుకుంటూ తిరగడం మీద ఇష్టం. ఆ పెట్టెలోని ఒక్కో వస్తువు తీస్తుంటే, దాన్ని వాడిన పద్ధతి కూడా దాంతో పాటే గుర్తొస్తుంది.

అంతకు ముందు మనకు నీళ్లంటే బావి. ఊరి శివార్లన్నీ తోటలుగా, వరి మడులుగా ఉన్న రోజుల్లో నడుముకు ఎండు సొరకాయ బుర్రో ఖాళీ డబ్బానో కట్టి పిల్లల్ని బావిలోకి తోసేవారు. రెండు ఎండాకాలాలు గడిచేసరికి బుర్ర అక్కర్లేకుండా పోయేది. గట్టు మీద నుంచి దూకి, అడుగు మట్టి గుప్పిట పట్టుకుని పైకి తేలినవాడే ఆ రోజుకి మొనగాడు. "ఎంతసేపు దమ్ము పడతవ్ రా" అన్నదే పందెం. లోతుకి వెళ్తే చెవిలో పోటు వచ్చేది, ఎందుకో ఎవరికీ తెలియదు, ఓర్చుకోవడమే.

నీటి అడుగున పనిచేసే మనుషులంటే అప్పట్లో మనకు గజ ఈతగాళ్లు. వాళ్ల పేరు పేపర్లో వచ్చిందంటే ఎవరింట్లోనో ఏడుపు ఉందని అర్థం. 1990 మార్చిలో హుస్సేన్‌సాగర్‌లో బుద్ధ విగ్రహం మునిగి, 1992 డిసెంబరు 1న మళ్లీ నిలబడేదాకా ఊరంతా చెరువు అడుగు గురించి మాట్లాడుకుంది. ఆ అడుగుకి సరదాగా కూడా వెళ్లవచ్చన్న ఆలోచన ఎవరికీ వచ్చి ఉండదు.

ఇలాంటి నీళ్లలో పెరిగినవాళ్లకు స్కూబా, అంటే వీపున గాలి సిలిండర్‌తో నీళ్ల కింద తిరగడం, నేర్పేటప్పుడు ఇన్‌స్ట్రక్టర్ మొదట మాన్పించాల్సింది ఆ దమ్ము పట్టే అలవాటే. స్కూబాలో తొలి నియమం ఒక్కటే: ఊపిరి ఎప్పుడూ ఆపకూడదు. కారణం తేలిక. సముద్రంలో ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. పది మీటర్ల లోతున అది నీటిపైన ఉన్నదానికి రెట్టింపు. బావిలో పైన పీల్చిన గాలి కిందికి పోతే కుంచించుకుంటుంది, పైకి వస్తే మళ్లీ మొదటి కొలతకే వస్తుంది, అంతకు మించదు. సిలిండర్ గాలి అలా కాదు. పది మీటర్ల కింద ఛాతీ నిండా పీల్చింది అక్కడి ఒత్తిడికి సరిపడా చిక్కగా ఉంటుంది. దాన్ని బిగబట్టి పైకి వస్తే నీటి మట్టానికి చేరేసరికి రెండింతల చోటు కావాలంటుంది. ఊపిరితిత్తి చిరుగుతుంది, గాలి బుడగ రక్తంలోకి వెళ్లవచ్చు. దీనికి పది మీటర్లు కూడా అక్కర్లేదు, మనిషి లోతు స్విమ్మింగ్ పూల్‌లో కూడా జరగవచ్చు. అందుకే సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్‌ను తీసిన ప్రతిసారీ "ఆ..." అంటూ సన్నగా బుడగలు వదులుతూ ఉండమంటారు.

ప్రాణాయామం తెలిసినవాళ్లకు ఇది ఒక్క మాటలో అర్థమయ్యేది: పూరకం, రేచకం ఉన్నాయి, కుంభకం లేదు. పీల్చే దానికంటే వదిలేది పొడుగ్గా ఉండాలి. అలా చేస్తేనే గాలి ఆదా అవుతుంది. లెక్క చూడండి. మామూలు అల్యూమినియం సిలిండర్ 11 లీటర్లు, 200 బార్ (ఒక బార్ దాదాపు ఒక వాతావరణం) వరకు నింపితే లోపల సుమారు 2,200 లీటర్ల గాలి. అందులో 50 బార్ కదపకుండా ఉంచుకోవాలి కాబట్టి వాడుకోదగ్గది 1,650 లీటర్లు. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి పది మీటర్ల లోతున 40 లీటర్లు ఖర్చు, అంటే 41 నిమిషాలు. అదే మనిషికి 20 మీటర్ల దగ్గర 27 నిమిషాలే. కొత్తవాళ్లు కంగారులో అంతకంటే ఎక్కువే పీల్చేస్తారు. వాళ్ల గేజ్ ముల్లు అందరికంటే ముందు 50 దగ్గరికి వచ్చేది. అది చేతకానితనం కాదు, ఇంకా కుదుటపడని శరీరం. పది పదిహేను డైవ్‌లకు ఆ ముల్లు దానంతటదే నెమ్మదిస్తుంది.

ఇంకో మాట. మన పేపర్లు ఇప్పటికీ "ఆక్సిజన్ సిలిండర్" అని రాస్తున్నాయి. అందులో ఉండేది మనం పీల్చే గాలే, వడగట్టి, తేమ తీసి, నొక్కి నింపినది. నైట్రోజన్ 79 పాళ్లు, ఆక్సిజన్ 21 పాళ్లు. శుద్ధమైన ఆక్సిజన్‌తో ఆరు మీటర్లు దాటితే అది విషమై మూర్ఛ తెప్పించగలదు. ఈ తేడా తెలియాలి, ఎందుకంటే కింద జరిగే మంచీ చెడూ సగం ఆ నైట్రోజన్ వల్లే.

నేర్చుకునే రోజు శుక్రవారం. అప్పట్లో గల్ఫ్‌లో వారపు సెలవంటే అదే. దుబాయ్‌లో ఉన్నవాళ్లు తెల్లవారుజామునే బయలుదేరి హజర్ కొండలెక్కి, మసాఫీ దగ్గర రోడ్డు పక్క ఫ్రైడే మార్కెట్‌లో పండ్లు కొనుక్కుని ఫుజైరా వైపు దిగేవారు. స్నూపీ ఐలాండ్ చుట్టూ చిన్న సొరచేపలు, దిబ్బా రాక్ దగ్గర తాబేళ్లు. స్నూపీకి ఒడ్డు నుంచి ఈదుకుంటూ వెళ్లిపోవచ్చు, పడవ ఖర్చు ఉండదు. మస్కట్ వాళ్లకు బందర్ ఖైరాన్, 1996 నుంచి రక్షిత ప్రాంతమైన దైమానియత్ దీవులు. జెద్దా వాళ్లకు ఊరి అంచునే ఎర్ర సముద్రం, ఓభూర్ అనే సముద్రపు పాయ, నడిచి దిగితే నాలుగడుగుల్లో పగడపు గోడ. అందులో అందం జెద్దాదే. ఒమన్ సముద్రానికి మాత్రం దాని సొంత తిక్క ఉంది: ఎండాకాలం పైన 30 డిగ్రీలు దాటిన నీళ్లు కొన్ని మీటర్ల కింద ఉన్నట్టుండి చల్లబడతాయి. ఆ రెండు పొరలు కలిసే చోట చూపు నూనె కలిసినట్టు అలుక్కుపోతుంది. పైన వెచ్చగా ఉందని పల్చటి సూట్ వేసుకున్నవాళ్లు అక్కడ వణికిపోతారు.

కోర్సులో ఈత పరీక్ష ఉంటుంది: ఆగకుండా 200 మీటర్లు, ఆపైన పది నిమిషాలు తేలడం. వేగం ఎవరూ చూడరు. బావి ఈతగాళ్లు దీన్ని నవ్వుతూ దాటేవారు. కష్టమంతా మాస్క్ దగ్గరే. నీళ్ల కింద మాస్క్ నింపుకుని, పై అంచు నుదుటికి నొక్కి, ముక్కుతో వదిలితే నీరు కింది అంచు నుంచి పోతుంది. ముక్కులోకి నీరు తగలగానే మనిషి పైకి తన్నుకుపోవాలని చూస్తాడు, దాన్ని ఆపుకోవడమే అసలు పాఠం. ఇక మీసం. మన మగవాళ్లలో మీసం లేనివాళ్లు తక్కువ, మాస్క్ కారడానికి అది మొదటి కారణం. ముక్కు కింద ఆనే సిలికాన్ అంచుకు వెంట్రుకలు అడ్డుపడి సందు వదులుతాయి. మీసం తీసేయక్కర్లేదు. ముక్కుకు ఆనుకుని సన్నటి గీతంత మేర గీసుకుంటే చాలు. చాలామంది పట్టీ బిగిస్తారు, దాంతో అంచు ముడతపడి ఇంకా కారుతుంది.

కొత్త మాస్క్ అద్దానికి తయారీలో పట్టిన సిలికాన్ పొర ఉంటుంది. అది పోయేదాకా ఎంత ఉమ్మి రాసినా ఆవిరి పడుతూనే ఉంటుంది. తెల్ల టూత్‌పేస్ట్ వేసి వేలితో లోపలి వైపు రెండు మూడు సార్లు బాగా రుద్ది కడగాలి. ఆ తర్వాత ప్రతి డైవ్‌కీ ఉమ్మి రాయడమో, రెండు చుక్కల బేబీ షాంపూనో సరిపోతుంది.

చెవి పోటుకు జవాబు కూడా అక్కడే దొరికింది. ముక్కు మూసుకుని మెల్లగా ఊదితే గొంతు వెనుక దారి గుండా గాలి మధ్య చెవికి చేరి, లోపలా బయటా ఒత్తిడి సమమవుతుంది. నొప్పి పుట్టాక కాదు, పుట్టకముందే, మీటరుకోసారి చేయాలి. కుదరకపోతే ఒక మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలి. బలంగా ఊదితే కర్ణభేరికి దెబ్బ. జలుబు ఉన్న రోజు దిగకూడదు. మందు వేసుకుని దిగితే ఆ మందు పని కిందే అయిపోవచ్చు, అప్పుడు పైకి వచ్చేటప్పుడు గాలి బయటికి పోక చిక్కుపడుతుంది.

చేతి సైగల దగ్గర మనవాళ్లందరూ చేసిన తప్పు ఒకటుంది. "బాగుందా?" అని అడిగితే బొటనవేలు పైకెత్తడం. నీళ్ల కింద దాని అర్థం "పైకి పోదాం." ఇన్‌స్ట్రక్టర్ నిజంగానే పైకి తీసుకెళ్లిపోయేవాడు. బాగుందనడానికి చూపుడు వేలూ బొటనవేలూ కలిపి సున్నా చుట్టాలి.

పెట్టెలో ప్లాస్టిక్ అట్ట ఒకటుంటుంది, నిండా అంకెలు. లోతూ సమయమూ లెక్కగట్టే డైవ్ కంప్యూటర్లు అందరి చేతికీ రాకముందు దాన్ని బట్టే బతికారు. ఒత్తిడిలో నైట్రోజన్ రక్తంలో, కొవ్వులో కరుగుతుంది. ఎంత లోతో, ఎంతసేపో అంత ఎక్కువ. హడావిడిగా పైకి వస్తే సోడా మూత తీసినట్టు బుడగలవుతుంది. కీళ్ల నొప్పి దగ్గర్నుంచి పక్షవాతం దాకా పోవచ్చు. డైవింగ్ శిక్షణ సంస్థ పాడీ 1988 నాటి అట్ట ప్రకారం మధ్యలో ఆగకుండా పైకి రాగలిగే గడువు 12 మీటర్లకు 147 నిమిషాలు, 18కి 56, 30కి 20 మాత్రమే. 17 మీటర్లకు వెళ్తే 18 గడిలోనే చూడాలి, ఎప్పుడూ పై అంకెకే. గడువు చివరి నిమిషం దాకా వాడుకోవడం తెలివి కాదు. పైకి వచ్చే వేగం పాత పాఠాల్లో నిమిషానికి 18 మీటర్లు అనేవారు, తర్వాత దాన్ని 9కి తగ్గించారు. పాత పుస్తకం చూసి నేర్చినవాళ్లు దీన్ని సరిచేసుకోవాలి. ఆఖర్న 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగడం ఎలాగూ ఉంది. ఆ మూడు నిమిషాలను తొందర పెట్టే బడ్డీతో, అంటే జతగా దిగే తోడుతో, మళ్లీ దిగకండి.

ఈ నైట్రోజన్ లెక్క ఒడ్డుకు వచ్చాక కూడా ఆగదు. జెద్దాలో పొద్దున డైవ్ చేసి, సాయంత్రం కుటుంబంతో చల్లగాలికి తాయిఫ్ వెళ్లడం అక్కడివాళ్లకు మామూలు. తాయిఫ్ దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉంది. కారులో ఎక్కినా శరీరానికి అది విమానం ఎక్కినట్టే. ఘాట్ రోడ్డు మీద భుజం నొప్పి మొదలైతే బరువులు మోసినందుకని అనుకునే ప్రమాదం ఉంది. ఆ రోజుకి తాయిఫ్ మానుకోవాలి.

విమానంలో కేబిన్ ఒత్తిడి 2,400 మీటర్ల ఎత్తుకు సమానమయ్యేదాకా పడిపోతుంది. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ చెప్పే గడువు: ఒకే ఒక్క మామూలు డైవ్ అయితే 12 గంటలు, ఒకే రోజు రెండు మూడైనా వరసగా కొన్ని రోజులైనా 18 గంటలు, మధ్యలో ఆగి పైకి రావాల్సినంత లోతైన డైవ్‌లైతే ఇంకా బాగా ఎక్కువ. సెలవుకు ఇంటికొచ్చే ముందు రోజంతా అందుకే ఒడ్డునే గడిచేది. దానికి ఎవరూ బాధపడలేదు, ఆ రోజు పనీ అలాంటిది. టాంగ్, టైగర్ బామ్, పిల్లలకు చాక్లెట్లు, అత్తగారికి కంబళి, పెట్టెకు నాలుగు వైపులా తాడు, పైన మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో పేరు, "హైదరాబాద్". రెగ్యులేటర్ చేతి సంచిలోనే, ఫిన్స్ పెట్టె అడుగున, ఎక్కడికెళ్లినా దొరికే సీసం బరువులు అక్కడే వదిలేయడం. 2008 మార్చిలో శంషాబాద్ తెరిచేదాకా ఆ పెట్టెలన్నీ బేగంపేట బెల్టు మీదికే వచ్చాయి. వాటిలో కొన్నింటి నుంచి ఉప్పు తేమ వాసన వచ్చేది. సూట్ సరిగ్గా ఎండలేదని అర్థం.

ఇంటికొచ్చాక ఫిల్మ్ కడిగించాలి. 36 బొమ్మల రీలు, నీటిలో వాడే కెమెరా. అబిడ్స్ స్టూడియో నుంచి కవరు తెచ్చుకుని తీస్తే అన్నీ నీలమే. కడిగినవాడి తప్పు కాదు. నీళ్లు ముందు ఎరుపును మింగేస్తాయి, ఐదారు మీటర్లకే అది మసకబారుతుంది. తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు. వేలు తెగితే రక్తం ఆకుపచ్చగా కనిపించే లోతులు ఉన్నాయి. ఫ్లాష్ వెలుగు కూడా ఆ నీళ్ల గుండానే వెళ్లి రావాలి కాబట్టి మీటరు లోపు దగ్గరికి వెళ్తేనే రంగు దక్కుతుంది. ఆ నీలం ముద్దల మధ్య ఒక్క బొమ్మలో మాత్రం పువ్వులా కనిపించే మెత్తటి సముద్ర ప్రాణి, సీ అనెమొనీలోంచి తొంగిచూస్తున్న క్లౌన్ చేప, కెమెరాకు మూరెడు దూరంలో, కంటి వెనకాల తెల్ల గీత కూడా స్పష్టంగా. అదే ఫ్రేమ్ కట్టించి హాల్లో గడియారం పక్కన పెట్టేవారు.

ఆ బొమ్మల్లోని పగడాలన్నీ ఇప్పుడు లేవు. 1998లో వేడెక్కిన సముద్రాలు చాలా చోట్ల పగడాలను తెల్లబరిచాయి. 2007 జూన్‌లో గోను తుఫాను ఒమన్ తీరాన్ని చీల్చింది. 2008లో మొదలై నీళ్లను ఎర్రబరిచిన నాచు నెలల తరబడి ఫుజైరా తీరాన్ని ఊపిరాడకుండా చేసింది. అందుకే ఆ పాత ప్రింట్లను పారేయొద్దు. వెనకాల చోటు పేరు, తేదీ రాసి ఉంటే ఇంకా విలువ.

ఇప్పుడు ఆ సామాను మళ్లీ వాడాలనుకుంటే, ఒక్కోటీ చూడాలి. మన అటక మీద స్లాబ్ వేడి మే నెలలో ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు, రబ్బరుకు అంతకంటే శత్రువు లేదు. నల్ల రబ్బరుకు ఆనుకుని ఉండబట్టే మాస్క్ సిలికాన్ పసుపు తిరిగింది. రంగు మారినా మెత్తగా ఉంటే పనిచేస్తుంది. పట్టీ లేకుండా ముఖానికి ఆనించి ముక్కుతో పీల్చండి, పడిపోకుండా నిలిస్తే మంచిదే. ఫిన్స్ నిలబెట్టి ఉంచితే కొస వంగిపోయి ఉంటుంది. గాలి నింపుకుని తేలడానికి వేసుకునే జాకెట్‌ను గట్టిగా ఊది రాత్రంతా వదిలేయండి, పొద్దున మెత్తబడితే లీకు. లోపల ఉప్పు గవ్వల్లా గలగలమంటుంటే గోరువెచ్చని నీళ్లు పావు వంతు పోసి, ఊపి, తలకిందులు చేసి గొట్టంలోంచి వదలాలి. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఆఖరి కడుగుడు మాత్రం మంజీరా నీళ్లతో చేస్తే తెల్ల చారలు రావు.

రెగ్యులేటర్ దగ్గర మొహమాటం వద్దు. గొట్టాన్ని లోహపు కొస దగ్గర కొద్దిగా వంచి చూడండి, సన్నటి పగుళ్లు కనిపిస్తే అది పనికిరాదు. లోపలి ఓ-రింగ్‌లు (రబ్బరు ఉంగరాలు), కవాటం సీట్లు వాడకపోయినా ఎండిపోతాయి, ఏటా సర్వీస్ అందుకే. ఏళ్ల తరబడి అటక మీద ఉన్నదాన్ని "గాలి వస్తోంది కదా" అని నమ్మి దిగకూడదు. దాన్ని కడిగేటప్పుడు చేసే తప్పులు రెండు. సిలిండర్‌కు బిగించే భాగం, అంటే ఫస్ట్ స్టేజ్, మూత లోపల తడి తుడవకుండా బిగించడం మొదటిది. నీళ్లలో ముంచి నోటి భాగం మీది బటన్ నొక్కడం రెండోది, నొక్కగానే కవాటం తెరుచుకుని నీరు గొట్టం వెంట పైకి పాకుతుంది. పాత మోడల్‌కు విడిభాగాలు దొరకకపోతే దాన్ని తుడిచి అద్దాల బీరువాలో పెట్టుకోండి, డైవ్ సెంటర్‌లో అద్దెకు తీసుకోండి. మనిషికీ అంతే: ఏడాది దాటి దిగకపోతే ముందు పూల్‌లో రిఫ్రెషర్. ఉబ్బసం, మూర్ఛ, చెవి ఆపరేషన్, గుండె జబ్బు ఏది ఉన్నా డాక్టర్ సంతకం లేకుండా వద్దు.

చివరికి ఆ ఉబ్బిన పుస్తకం. లాగ్‌బుక్‌లో ప్రతి పేజీకీ తేదీ, చోటు, లోతు, నిమిషాలు, దిగినప్పుడూ తేలినప్పుడూ బార్లు, పక్కన బడ్డీ సంతకం, డైవ్ సెంటర్ ముద్ర. సిరా అలుక్కుపోయినా ఒక గడి మాత్రం చదవగలిగేలా ఉంటుంది, పెన్సిల్‌తో రాసింది: "జెద్దా, 5 మి.మీ. సూట్, 8 కిలోలు." ఆ అంకెను అండమాన్‌లోనో కర్ణాటక తీరంలోని నేత్రాణి దీవిలోనో యథాతథంగా చెప్పకండి. ఎర్ర సముద్రం మామూలు సముద్రం కంటే ఉప్పన, లీటరుకు 40 గ్రాముల దాకా ఉంటుంది, అందుకని అక్కడ సీసం బరువులు కొంచెం ఎక్కువే కట్టుకున్నారు. ఇక్కడ వేసుకునే 3 మి.మీ. సూట్ అంత తేలదు. పైగా ఒళ్లు ఇరవై ఏళ్ల కిందటి ఒళ్లు కాదు. ఒకటి రెండు కిలోలు తగ్గించి మొదలుపెట్టండి. కాళ్లు అందని లోతులో జాకెట్ గాలంతా తీసేసి, రెగ్యులేటర్ నోట్లో ఉంచుకుని, మామూలుగా ఒక ఊపిరి పీల్చి కదలకుండా నిటారుగా తేలండి. ఈ ఒక్కచోట మాత్రం, నీటి మట్టం మీదే కాబట్టి, రెండు క్షణాలు దమ్ము పట్టినా పరవాలేదు. నీరు కళ్ల దగ్గర ఆగాలి. ఊపిరి వదిలితే నెమ్మదిగా మునగాలి. సిలిండర్ నిండుగా ఉన్నప్పుడు చూస్తే, అయిపోయే గాలి బరువుకు ఇంకో రెండు కిలోలు కలుపుకుని, ఆ అంకె కొత్త పేజీలో రాసుకోండి, పెన్సిల్‌తోనే.